శివారు తడిసిందా?

మైథిలికి వచ్చిన చిక్కు ఎవరికైనా చెప్పుకోవాలన్నా సిగ్గుగానే ఉంది. ఆరో నంబరు మంచం మీదున్న ముసలాయన అంకెలన్నీ బాగున్నాయి. ముసలాయనే బాగాలేడు.

బీపీ నూట ముప్ఫై. జ్వరం దిగింది. మూత్రం వస్తోంది. మానిటర్ మీద పచ్చటి గీత తప్పటడుగు లేకుండా పరిగెడుతోంది. పొట్ట మాత్రం నిన్నటికీ ఇవాళ్టికీ ఉబ్బి, తడితే డప్పులా మోగుతోంది. ముక్కు గొట్టంలోంచి పోసిన పాలు పోసినట్టే వెనక్కి వస్తున్నాయి. పైన పటారం, లోన లొటారం అంటారే, అలా ఉంది వ్యవహారం.

ముసలాయన పేరు నూకరాజు. డెబ్బై ఎనిమిదేళ్ళు. కాలువల శాఖలో లస్కరుగా చేసి ఎప్పుడో రిటైరయ్యాడు. లస్కరంటే లాకుల దగ్గరా తూముల దగ్గరా తలుపులు ఎత్తుతూ దించుతూ ఊళ్ళకి నీళ్ళు పంచే మనిషి. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి సెప్సిస్ అయింది. మూడు రోజుల కిందట ఆయన్ని ఆటోలో తీసుకొచ్చినప్పుడు చేతులు మంచులా ఉన్నాయి, బీపీ యంత్రానికి అందలేదు.

ఆయన్ని ఒడ్డున వేసింది మైథిలే. గంట తిరక్కుండా యాంటీబయాటిక్ ఎక్కించింది, సెలైన్ పెట్టింది. అయినా బీపీ లేవకపోతే నాళాలన్నిటినీ బిగించి బీపీని నిలబెట్టే మందు పంపుతో మొదలుపెట్టింది. మర్నాడు తెల్లారేసరికి మానిటర్ మీద నూట ముప్ఫై. నూట పది చాలు గానీ, ఈయనకి ఇరవై ఏళ్ళుగా బీపీ ఉంది కదా, కాస్త ఎక్కువే ఉండనిద్దాం అనుకుంది. నిజం చెప్పాలంటే ఆ అంకె చూడముచ్చటగా ఉంది, అందుకే ఉంచింది.

బయట బల్ల మీద ముసలాయన భార్య పల్లాలమ్మ కూర్చుని ఉండేది. ఒళ్ళో జావ క్యారేజీ. మైథిలి కనిపిస్తే చాలు లేచి నిలబడేది.

"మూడ్రోజులైందండి డాక్టరమ్మగారు, మెతుకు ముట్టి. కాసింత జావైనా పొయ్యరాండి?"

మైథిలికి జాలేసింది. బరువు చూసి, వయసు చూసి, లెక్కకట్టి గొట్టంలోంచి గంటకి డెబ్బై మిల్లీలీటర్ల పాలు పెట్టమని రాసింది. అది పూర్తి కొలత. పెట్టిన పూటే పొట్ట ఉబ్బడం మొదలుపెట్టింది.

ఒంటికి ఆపద వస్తే అది ముందు గుండెనీ మెదడునీ చూసుకుంటుంది. పేగుల వంతు రక్తాన్ని కోసి అటు పంపుతుంది. ముసలి ఒంట్లో ఆ కోత మరీ లోతు. రక్తం అందని పేగు కదలదు, అరిగించుకోలేదు, చివరికి కుళ్ళిపోతుంది. ఇదంతా మైథిలికి తెలియక కాదు. హైదరాబాదులో పెద్ద పరీక్షలో దీని మీదే నాలుగు పేజీలు రాసి మొదటి మార్కు తెచ్చుకుంది. రాసిందే మంచమెక్కి ఎదురుగా పడుకుంటే పోల్చుకోలేకపోయింది, అంతే.

పొద్దున లాక్టేట్ పరీక్ష వచ్చింది. ఒంట్లో ఎక్కడో కండకి ప్రాణవాయువు చాలడం లేదని చెప్పే పరీక్ష అది. నిన్న రెండున్నర ఉన్నది ఇవాళ నాలుగు దాటింది. వెంటనే స్కాన్ తీయించింది. పేగులకి వెళ్ళే నాళాలు ఎక్కడా మూసుకుపోలేదు గానీ, దారాల్లా సన్నబడి ఉన్నాయి. సర్జన్ వచ్చి పొట్ట నొక్కి చూశాడు.

"ఇప్పటికైతే మెత్తగానే ఉంది. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ వస్తాను. పొట్ట గట్టిపడినా, లాక్టేట్ ఇంకా పెరిగినా కోసి చూడక తప్పదు. కోస్తే ఈ వయసులో బల్ల మీదే పోవచ్చు. కొయ్యకపోతే మంచం మీద పోతాడు. ఆవిడకి చెప్పి ఉంచండి."

ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడకి చెప్పడం మైథిలి వంతయింది. ఒక్క మనిషిని బతికించి, ఊపిరి పీల్చుకునే లోపల తనే చంపుతున్నట్టు అనిపించింది. పాలు ఆపించింది, గొట్టం కింద సంచీ కట్టించింది. పేగులు కదిలే మందు ఇద్దామా, బీపీ ఇంకా పెంచుదామా అని ఆలోచిస్తూ మానిటర్ ముందు నిలబడిపోయింది.

పదకొండింటికి జెకర్యాగారు రౌండ్లకి వచ్చారు.

డాక్టర్ జెకర్యాకి డెబ్బై ఒకటి. గోదావరి కాలువ ఒడ్డునున్న ఆ ధర్మాసుపత్రిలో నలభై ఏళ్ళుగా ఉన్నారు. మైథిలి హైదరాబాదులో చదువు ముగించాక అక్కడి ప్రొఫెసరే ఆమెని ఇక్కడికి పంపాడు, ఆర్నెల్లు జెకర్యా దగ్గర ఉండి రమ్మని. ఐదు నెలలు గడిచాయి. ఆయన ఇంతవరకూ ఒక్క పాఠమూ చెప్పలేదు. ఐదు నెలలు వృథా అయ్యాయని మైథిలి లోలోపల అనుకుంటూనే ఉంది.

ఆయనకో అలవాటుంది. ఏ మంచం దగ్గరికి వెళ్ళినా ముందు కాళ్ళ వైపు నిలబడేవారు. అరచేతులు రెండూ రుద్ది వెచ్చబరచుకుని, దుప్పటి తొలగించి, పాదాలు పట్టుకునేవారు. తరవాత మోకాళ్ళు. చార్టూ మానిటరూ అన్నిటికన్నా చివర. కుర్ర డాక్టర్లు దీనికి పాదపూజ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టినవాళ్ళలో మైథిలి కూడా ఉంది.

ఆరో మంచం దగ్గర కూడా అలాగే చేశారు. మైథిలి మానిటర్ పక్కన నిలబడి అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"బీపీ నూట ముప్ఫై సార్. గుండె వేగం నూట ఆరు. ఆక్సిజన్..."

జెకర్యా మోకాళ్ళు చూస్తున్నారు. వాటి మీద చర్మం ఊదారంగు వలలాగా మచ్చలు మచ్చలుగా ఉంది. స్టెతస్కోప్ తీసి పొట్ట మీద ఆనించారు. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది, ఐదు తిరిగింది. ఆయన కదల్లేదు. మైథిలి చెప్పడం ఎక్కడ ఆపిందో ఆమెకే తెలియదు.

అప్పుడు నూకరాజు పెదాలు కదిలాయి. కళ్ళు మూసుకునే ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడమ్మా?" అన్నారు జెకర్యా.

"పలవరింత సార్. వచ్చినప్పట్నించీ ఉంది. చార్టులో రాశాను."

"రాశావులే. ఏమంటున్నాడు?"

మైథిలి చార్టు చూసింది. మతి స్థిమితంగా లేదు అని ఉంది. ఏమన్నాడో అందులో లేదు.

"శివారు తడిసిందా అంటాడు సార్" అంది పక్కనున్న సిస్టర్ కరుణ. "మూడు రోజుల్నించీ ఇదే మాట. నేనైతే తడిసింది తాతయ్యా, పడుకో అంటాను. ఊరుకోడు."

"వెళ్ళి వాళ్ళావిడని అడిగి రా అమ్మా" అన్నారు జెకర్యా మైథిలితో.

"ఇప్పుడా సార్?"

ఆయన అప్పటికే మళ్ళీ స్టెతస్కోప్ చెవుల్లో పెట్టుకున్నారు.

మైథిలికి ఒళ్ళు మండింది. నాలుగింటికి సర్జన్ వస్తాడు. ఉన్న ఐదు గంటల్లో ముసలాడి పలవరింతకి అర్థం కనుక్కుని రమ్మంటే ఏమనుకోవాలి? అయినా గురువు మాట, తప్పేదేముంది. బయటికి వెళ్ళింది.

పల్లాలమ్మ లేచి నిలబడింది. మైథిలి ఆమెని కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుని అడిగింది.

"అదాండి!" ఆ నలిగిన మొహంలో నవ్వులాంటిది వచ్చింది. "అది ఆయనకి ముప్పయ్యేళ్ళ రోగవండి. నిద్దట్లో కూడా అదే అడిగేవోడు. శివారంటే కాలవ ఆఖర్న ఉండే పొలాలండి. అందరి సేలూ తడిసాక మిగిల్తే ఆళ్ళకండి. నీళ్ళు తగ్గితే ముందు ఎండేది ఆళ్ళేనండి."

"మరి ఎందుకు అడుగుతాడు?"

"ఒకేడు రెండో పంట దాళ్వాకి నీళ్ళు సాల్లేదండి. కొత్తగా ఇంజినీరుగారొచ్చారు. సదువుకున్నోరు, మంచోరేనండి. లాకు కాడ నీళ్ళ మట్టం సూపే గేజీ ఐదడుగులకి తగ్గకూడదని ఆర్డరేశారు. పైవోళ్ళు ఫోను సేసి గేజీ ఎంతనే కదండీ అడుగుతారు. తగ్గకుండా ఉండాలంటే ఏం సేత్తారు? కింద తూములన్నీ దించేశారండి. నీళ్ళు ఎనక్కి తన్ని గేజీ ఐదుకొచ్చింది. ఇంజినీరుగారు ఎంత సంబరపడ్డారో!"

మైథిలి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"మా ఆయన సైకిలేసుకుని శివారు దాకా పద్దెనిమిది మైళ్ళు ఎల్లొచ్చాడండి. సేలన్నీ నోళ్ళు తెరుసుకుని ఉన్నాయంట. తెల్లారి ఇంజినీరుగారి గుమ్మంలో నిలబడి, అయ్యా శివారు తడిసిందాండి అనడిగాడు. గేజీ ఐదుంది కదయ్యా, తడవక ఏమవుద్ది అన్నారు ఆయన. తమరెల్లి సూశారాండి అన్నాడు ఈయన. అంతేనండి, అంతకన్నా ఒక్క ముక్క అనలేదు. ఆర్నెల్లు ఎక్కడికో ట్రాన్సుఫరేసి పారేశారు."

"పంట?"

"శివారోళ్ళకి ఆ ఏడు గింజ రాల్లేదండి."

మైథిలికి చెవులు వేడెక్కాయి. సిగ్గేసింది. ఆ వెనకే భయమేసింది. సర్జన్ చెప్పమన్నది ఆమెకి చెప్పాలి. చెప్పింది, ఉన్నదున్నట్టు చెప్పింది. పల్లాలమ్మ క్యారేజీ మూత మీద చెయ్యి ఆనించి విని, "తమరు సూత్తన్నారు కదండీ" అంది. అది నమ్మకమో వేడుకోలో తెలియలేదు. మైథిలి అక్కడ ఇంకొక్క నిమిషం ఉండలేకపోయింది.

లోపలికి వచ్చేసరికి ఆరో మంచం కాళ్ళ వైపు ఇనప స్టూలు వేసి ఉంది. మానిటర్‌కి వీపు పెట్టి కూర్చునేలా వేసి ఉంది. జెకర్యా మెడలోని స్టెతస్కోప్ తీసి ఆమె చేతికిచ్చారు.

"కూర్చో అమ్మా."

"ఎంతసేపు సార్?"

"ఆయన అడిగినదానికి జవాబు దొరికేదాకా."

ఆ మాట అని ఏడో మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

మైథిలి వెంటనే కూర్చోలేదు. ముందు గుండె మీద అల్ట్రాసౌండ్ పెట్టి చూసింది. ఒంట్లో ఇంకా కొంచెం సెలైన్‌కి చోటుంది. ఒక సీసా సెలైన్ మెల్లగా పెట్టించింది. తరవాత బీపీ మందు పంపు దగ్గరికి వెళ్ళి కాస్త తగ్గించింది.

"మేడమ్, నూట ముప్ఫై ఉంచమన్నారు కదా?" అంది కరుణ.

"అన్నాను కరుణమ్మా. అది నా సరదా. నువ్వు మానిటర్ చూస్తూ ఉండు. వంద దిగితే చెప్పు. మూత్రం తగ్గినా చెప్పు."

అప్పుడు స్టూలు మీద కూర్చుంది. అరచేతులు రుద్దుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి అటూ ఇటూ చూసి, ముసలాయన పాదాలు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. ఆ అరికాళ్ళు బండబారి, పగుళ్ళు తేరి ఉన్నాయి. మూడు రోజులుగా తన పేషెంటే, ఆ కాళ్ళు చూడటం ఇదే మొదటిసారి.

అరగంటకోసారి లేచి మందు ఇంకాస్త తగ్గించి వచ్చి కూర్చునేది. నూట ఇరవై, నూట పదిహేను, నూట ఎనిమిది అని కరుణ వెనక నుంచి చెబుతూనే ఉంది. ఒకసారి మానిటర్ కూత పెట్టింది. మెడ తిప్పి చూడాలని ప్రాణం లాగింది. మైథిలి ముసలాయన మొహం చూసింది, మూత్రం సంచీ చూసింది. రెండూ ముందెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మోకాలి మీద వేలితో నొక్కి, తెల్లబడ్డ చోట రంగు మళ్ళీ రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టింది. ఏడు అంకెలు. ఒంటిగంటకి ఆరు. తరవాత ఎంతసేపటికీ ఆరే.

పొట్ట మీద స్టెతస్కోప్ పెడితే ఏమీ వినపడదు. ఒక ఇంట్లో అందరూ ఊరెళ్ళిపోతే వాకిట్లో నిలబడినట్టు ఉంది. ఐదు నిమిషాలు వినడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక నిమిషం కాగానే మనసు మానిటర్ వైపు పోతుంది. దాన్ని లాక్కొచ్చి మళ్ళీ వినేది.

రెండూ ఇరవైకి మోకాలి మీద వల కాస్త మాసినట్టు అనిపించింది. కళ్ళ భ్రమేమోనని కరుణని పిలిచి చూపించింది. "తగ్గింది మేడమ్" అంది కరుణ. వేలితో నొక్కితే నాలుగంకెలకే రంగు వచ్చింది.

మూడు కావస్తుండగా పొట్టలో ఎక్కడో చాలా లోపల బుడుంగుమని చిన్న చప్పుడయింది.

మైథిలి ఊపిరి బిగబట్టింది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఇంకొకటి. ఆ వెనకే సన్నగా, జారుతున్నట్టుగా, నీటి చప్పుడు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేగు చప్పుడుకి ఏడ్చిన డాక్టరు ఇంకొకరు ఉంటారో లేదో.

లాక్టేట్ మళ్ళీ పంపింది. మూడు. పొద్దుటికన్నా దిగింది.

నాలుగింటికి సర్జన్ చెప్పినట్టే వచ్చాడు. పొట్ట నొక్కాడు, కాగితం చూశాడు, మళ్ళీ పొట్ట నొక్కాడు.

"కొయ్యక్కర్లేదు. ఏం చేశారు?"

"మందు తగ్గించి కూర్చున్నాను సార్" అంది మైథిలి.

ఆయనకి ఆ జవాబు నచ్చలేదు గానీ, ఫలితం నచ్చింది. వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయానికి గొట్టంలోంచి వెనక్కి వచ్చేది దాదాపు ఆగిపోయింది. మైథిలి పాలు మళ్ళీ మొదలుపెడదామని చార్టు తీసింది. ఐదు రోజుల ఆకలి మనిషి. పోయిన రోజులన్నీ కూడదీసుకోవాలి. గంటకి, అని రాసి, అలవాటు కొద్దీ ఏడు అంకె వేసింది. పక్కన సున్న పెట్టబోతూ ఆగింది. కలం అలాగే పట్టుకుని బయటికి వెళ్ళింది.

"అమ్మా, వేసవిలో కాలవ కట్టేస్తారు కదా. మళ్ళీ నీళ్ళొదిలిన రోజున మీ ఆయన తూము ఎంత ఎత్తేవాడు?"

డాక్టరమ్మకి కాలవ గొడవ ఎందుకు పట్టిందో పల్లాలమ్మకి అర్థం కాలేదు. అయినా కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలు మడిచి చూపించింది.

"నాలుగేళ్ళ మందవేనండి. రైతులు తిట్టిపోసేవోరు. ఎండి బీటలేసిన కాలవండి, ఒక్కసారే వదిలితే గట్లు తెగిపోవండీ? నాలుగేళ్ళు ఎత్తి, గట్టు మీద కూకుని..."

ఆమె మాట అక్కడ ఆగింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. మైథిలిని చూసింది, ఒళ్ళో క్యారేజీ చూసుకుంది. మెల్లగా దాన్ని తీసి బల్ల కింద పెట్టేసింది.

మైథిలి ఏడు కొట్టేసి పది రాసింది. పదకొండింటికి జెకర్యా చార్టు చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"పదేనా?"

"నాలుగు వేళ్ళు సార్."

ఆయన ఏమిటని అడగలేదు. సంతకం పెట్టారు.

పది ఇరవై అయింది. రెండు రోజుల్లో అది నలభైకి చేరింది. బీపీ మందు పంపు తీసేశారు. మూడో రోజు పొద్దున కరుణ ఎదురొచ్చి, "మేడమ్, తాతయ్యకి విరేచనం అయింది!" అంది, ఇంట్లో మగపిల్లాడు పుట్టినంత సంబరంగా. మైథిలి ఆమె చేతులు పట్టుకుని ఊపేసింది. బయటివాళ్ళు చూస్తే ఇద్దరికీ మతి పోయిందనుకునేవారు.

ఆ రోజు రౌండ్లలో ఆరో మంచం దగ్గర మైథిలి కాళ్ళ వైపు నిలబడింది. అరచేతులు రుద్దుకుని ముసలాయన పాదాలు పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి. జెకర్యా ఆమె వెనక నిలబడ్డారు.

నూకరాజు కళ్ళు తెరిచాడు. కాసేపు పైకప్పు చూశాడు. మానిటర్ చూశాడు, అదేమిటో అర్థం కానట్టు చూపు తిప్పేసుకున్నాడు. తరవాత తన కాళ్ళు పట్టుకున్న మనిషిని చూశాడు. గొంతు జీరపోయి ఉంది, మాట మాత్రం తేటగా ఉంది.

"శివారు తడిసిందా?"

"తడిసిందండి" అంది మైథిలి.

ముప్ఫై ఏళ్ళు గేజీలు చూసినవాళ్ళ మాటలు విన్న మనిషి, ఊరికే నమ్మలేదు. ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఎల్లి సూశావా?"

"చూశానండి."

ముసలాయన మళ్ళీ అడగలేదు.